రంగు వేయని స్లయిడు

నేను రిటైరవడానికి ఆరేళ్ళ ముందు, వానలు మొదలైన వారంలో, ఒడిశా బరంపురంలోని చేపల రోగ నిర్ధారణ ప్రయోగశాలకు అటెండరుగా బదిలీ అయ్యాను. ఇప్పుడు చెప్పేది అక్కడ నా మూడో ఏటి వానల నాటి సంగతి.

ప్రయోగశాల అంటే రెండు గదులు. ఒకటి అధికారిది. రెండోదాంట్లో నేనూ మైక్రోస్కోపూ. చేపను కోయడం, రంగులు కలపడం, స్లయిడ్లు కడగడం నా పని. స్లయిడు చూసి చెప్పడం నా పని కాదు. పదో తరగతితో ఆగిన చదువు నాది. అలమరలో ఎవరూ ముట్టని ఇంగ్లీషు మాన్యువళ్ళను నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చదివింది చెప్పుకోవడానికి మనిషి లేడు. అధికారి వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగతా రోజుల్లో నా గొంతు నాకే వినిపించేది కాదు.

పొలసరలో పంచాయతీ చెరువును లీజుకు తీసుకున్న మహిళా సంఘానికి నారాయణమ్మ పెద్ద. చేపలు చస్తున్నాయని ఒక బొచ్చె చేపను పట్టుకొచ్చింది. పొట్ట చీల్చి, కడిగి, పసుపు రాసి మరీ తెచ్చింది.

"ఇదేటమ్మా, పులుసుకి తెచ్చినట్టు తెచ్చినావు?" అన్నాను.

"పెద్దాఫీసరుకి ఇచ్చే సేప బావూ. పేగులతో ఇస్తే బాగుంటాదేటి? రగతం సుక్క లేకుండా గోకినాను."

ఆమె గోకి పారేసిందే మాకు కావలసింది. వెన్నెముక కింద అంటుకుని ఉండే ముదురెర్రని పట్టీని మన వంటిళ్ళలో గడ్డకట్టిన రక్తం అనుకుని తీసేస్తారు. అది చేప మూత్రపిండం. బతికున్న చేప కావాలని చెప్పి పంపాను.

మర్నాడు మూత ఉన్న బకెట్టులో రెండు చేపలను నీళ్ళతో సహా బస్సులో తెచ్చింది. "కండట్రు దిగిపొమ్మన్నాడు. దీనికి ఒంట్లో బాగునేదురా, ఆస్పత్రికి ఎల్తంది, కావాలంటే టిక్కెట్టు కొట్టు అన్నాను," అని నవ్వింది. ఆ గదిలో నవ్వు విని చాలా కాలమైంది.

ఆ రోజు అధికారి ఉన్నాడు. నేను మూత్రపిండం ముక్కను గాజు పలక మీద అద్ది, ఆరబెట్టి, మంటకు చూపించి రంగులు వేశాను. ముందు ఊదా, తర్వాత అయోడిన్, ఆపైన స్పిరిటుతో కడగడం, చివర ఎరుపు. కడిగినా ఊదా రంగు వదలని సూక్ష్మజీవి ఒక జాతి, ఎరుపు పట్టేది ఇంకో జాతి. మూత్రపిండాన్ని తినే ఒక బాక్టీరియా జబ్బు ఉంది. దాని క్రిములు జంటలు జంటలుగా, ఊదాగా కనబడతాయి. కొండల్లో చల్లనీటి చేపల మీద శిక్షణ పొంది వచ్చిన మా అధికారికి అదే మనసులో ఉంది. నల్లటి చుక్కలు చూశాడు, ముదురు ఊదా అనుకుని ఆ జబ్బు పేరే రాశాడు. చెరువంతా బ్లీచింగు చల్లి చేపలన్నిటినీ పూడ్చాలని కింద రాశాడు.

నాకు అనుమానం వచ్చింది. చేప మూత్రపిండంలో సహజంగానే నల్ల రేణువులు ఉంటాయి. రంగు వేసినా వేయకపోయినా అవి నల్లగానే ఉంటాయి. క్రిములైతే రంగు లేకుండా కనబడవు. అదే ముక్కను ఇంకో పలక మీద అద్ది, ఏ రంగూ వేయకుండా చూశాను. అవే చుక్కలు. తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆయన పలకను ముట్టలేదు. మైక్రోస్కోపు చూడమని నీకెవరు చెప్పారని ఒడియాలో అడిగాడు. ఆ జబ్బు చల్లనీళ్ళదని, మన చెరువుల్లో ఎక్కడిదని, పెద్ద ప్రయోగశాలకు ముక్క పంపి ఖాయం చేసుకుందామని అన్నాను. బయటికి పొమ్మన్నాడు. అటెండరు నోట శాస్త్రం వస్తే అది ధిక్కారం! ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది.

నారాయణమ్మ వరండాలో కాగితం పట్టుకుని కూర్చుంది. జరిగింది చెప్పాను. ఏ జబ్బో నాకూ తెలియదని, కాగితంలో ఉన్నది మాత్రం కాదని అన్నాను.

"ఆ మాట ఈ కాయితం మీద రాసి దస్కతు ఎడతావా బావూ?"

"నా దస్కతు సెల్లదమ్మా."

"అయితే పంచాయతీకి ఏటి సూపించమంటావు, నీ మొకమా?" కోపంగా అనలేదు. ఖాళీ బకెట్టు తీసుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

నాలుగో రోజున బ్లీచింగు చల్లి చెరువును చంపేశారని పొలసర నుంచి వచ్చిన పాలవాడు చెప్పాడు. ఆ తర్వాత ఆ వైపు నుంచి ఎవరూ చేప తేలేదు.

నమూనాల రిజిస్టరు నింపడం మాత్రం అటెండరు పనే. అందులో చివరి గడి 'ఇతర వివరాలు'. అది ఎప్పుడూ ఖాళీగా ఉండేది. ఆ వారం నుంచి వేరే ఊళ్ళ వాళ్ళు తెచ్చిన ప్రతి చేపకూ రంగు వేయని పలక ఒకటి చేసి, కనబడింది ఆ గడిలో నా చేతిరాతతో, తేదీతో రాశాను. ఆ అధికారి బదిలీ అయ్యాక వచ్చిన అధికారిణి రిజిస్టరు తిరగేసి, రెండో పలక లేకుండా రిపోర్టు రాయకూడదని ఉత్తర్వు ఇచ్చింది.

నేను నేర్చుకున్నది ఇంతే. రంగు వేసిన పలకను, పక్కన రంగు వేయనిది లేకుండా నమ్మకూడదు. చూసింది ఎంత నిజమైనా, చూసిన రోజే రాయకపోతే ప్రయోగశాలలో దానికి చోటు లేదు. నారాయణమ్మ నమూనాకు ఎదురుగా ఉన్న గడి ఖాళీగానే ఉంది. తర్వాత నింపితే అది దొంగ రాత అవుతుంది కాబట్టి, నింపలేదు.