మీసం చూసి రాసిన వయసు

పోలీసులు ఆమెకు పెట్టిన పేరు పుట్టినరోజు మేడం. కోర్టు తరఫున పొద్దున్నే స్టేషన్లకు వెళ్లి, బెంచీ మీద కూర్చోబెట్టిన కుర్రాళ్లను ఎప్పుడు పుట్టావని అడగడమే ఆమె ఉద్యోగం కదా మరి. పద్దెనిమిది నిండని వాణ్ణి పిల్లల కోర్టుకూ, అక్కణ్ణుంచి పిల్లల హోంకూ పంపాలి. నిండితే పెద్ద జైలే. తేడా అంతా కాగితం మీద ఒక్క అంకెలో ఉంది. ఆ అంకె మీద అనుమానం వస్తే చాలు, ఆమె బడికి వెళ్లి, పాత రిజిస్టర్ల దుమ్ము దులిపి, నకలు తెచ్చి జడ్జి ముందు పెట్టేది.

ఎంత జాలిగుండె అని అందరూ మెచ్చుకునేవారు. జాలి ఉన్న మాట నిజమే. కానీ రోజూ ఆమెను మంచం మీంచి లేపేది మాత్రం పగ.

ఇరవై రెండేళ్ల కిందట, పదహారేళ్ల ఆమె తమ్ముడికి సైకిల్ దొంగతనం అంటగట్టి పట్టుకెళ్లారు. కాగితాలు రాసే స్టేషన్ రైటర్ వాడి నూనూగు మీసం వైపు ఒక్క చూపు చూసి పంతొమ్మిది అని గీకేశాడు. అక్క బడి సర్టిఫికెట్ పట్టుకుని పరుగెత్తింది. రైటర్ దాన్ని చదవనైనా చదవకుండా నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపాడు. రాసింది రాసిందే, ఇంటికి వెళ్లమన్నాడు. పదకొండు నెలల తర్వాత పెద్ద జైలు నుంచి వచ్చిన తమ్ముడికి ఎడమ చెవి వినబడదు. అక్కడ ఏం జరిగిందో ఈరోజుకీ నోరు విప్పడు. ఇప్పటికీ మెట్ల మీద బూట్ల చప్పుడైతే తలుపు వెనక్కి వెళ్లి నిలబడతాడు, ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి.

అందుకే ఆమె ఈ ఉద్యోగంలో చేరింది, కోరి మరీ ఆ రైటర్ పనిచేసే స్టేషనే అడిగి వేయించుకుంది. రైటర్ రాసిన కాగితం కనబడితే చాలు, ఆమెకు ప్రాణం లేచొచ్చేది. తప్పు దొరికిన ప్రతిసారీ నిండు కోర్టులో అతడికి చీవాట్లు పెట్టించింది. అతడి ప్రమోషన్ రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. అయినా కడుపు నిండలేదు. తమ్ముడి సంగతి ఎత్తితే పాతకక్ష అంటారని పళ్లబిగువున ఊరుకుంది.

రైటర్ రిటైరవడానికి నాలుగు నెలలున్నాయనగా, ఒక మధ్యాహ్నం అతడే కోర్టులో ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు. లేక లేక పుట్టిన ఒక్క కొడుకు ఏదో కొట్లాటలో దొరికాడట. వేరే స్టేషన్‌వాళ్లు పంతొమ్మిది రాసి జడ్జి ముందుకు తెచ్చారట. సాయంత్రం బండి పెద్ద జైలుకు వెళ్తుంది. పుట్టిన సర్టిఫికెట్ ఏనాడూ తీయించలేదట. బడికి సెలవులు, రిజిస్టరు బీరువాలో ఉంది, తాళం ఎక్కడో ప్రయాణంలో ఉన్న హెడ్మాస్టరు జేబులో ఉంది.

"వాడికింకా పదహారేనమ్మా. మీసం చూసి రాసేశారు," అన్నాడు.

ఆమె ఒంట్లో ఏదో చల్లగా పాకింది. సంతోషమే అది, సిగ్గులేని సంతోషం. ఆస్పత్రిలో పళ్లు చూసి వయసు కట్టే డాక్టరు చేత చిన్న చీటీ రాయించుకొస్తే ఆ పూటకు సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"స్టేషన్లో వయసులెలా రాస్తారో మీరు బోనెక్కి ప్రమాణం చేసి చెప్పండి. జడ్జిగారు అనుమానం కింద బండి ఆపుతారు," అంది.

"నా ఉద్యోగం పోతుందమ్మా. పెన్షన్ కూడా."

"పోతుంది," అంది ఆమె.

గంట తిరక్కుండా అతడు బోనులో ఉన్నాడు. బడి కాగితాలు చూడనే చూడమనీ, మీసమో ఒడ్డూ పొడుగో చూసి తోచింది రాస్తామనీ, తానూ అలాగే రాశాననీ తల వంచుకుని చెప్పాడు. ఇప్పటిదాకా బయటపడకుండా ఎవరెవరికి రాశావని జడ్జి అడిగారు. అతడు వేళ్లు మడిచాడు. పాల డిపో దగ్గరి కుర్రాడు, చాకలి కొడుకు, తల్లి లేని కవలలు. నలుగురు. అక్కడ ఆగిపోయాడు.

ఐదో వేలు మడుస్తాడని ఆమె ఎదురుచూసింది. ఇన్నేళ్లూ వీడు అన్నీ గుర్తుపెట్టుకుని దాస్తున్నాడనే అనుకుంది.

రైటర్ కొడుకుని అప్పటికి పిల్లల హోంకు పంపమనీ, రైటర్ మీద విచారణ జరపమనీ జడ్జి చెప్పారు. అయినా రైటర్ కళ్లనిండా నీళ్లతో, దేవతను చూసినట్టు ఆమె వైపు చూశాడు. ఆ చూపు ఆమె భరించలేకపోయింది. లేచి నిలబడింది.

"ఇంకొకడున్నాడు సార్, వాణ్ణి కూడా రాసుకోమనండి. సైకిల్ కేసు. మా తమ్ముడు."

రైటర్ మొదటిసారి ఆమె ముఖం పట్టి పట్టి చూశాడు. నుదురు ముడిచి, నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చాలాసేపు ప్రయత్నించాడు.

"ఏ సైకిలమ్మా?" అని అడిగాడు.