మొయినాబాద్ దాకా వచ్చిన చీటీ

ఎమర్జెన్సీ వైద్యుల సంఘం వాళ్ళు అప్పుడప్పుడు నన్ను పిలిచి, ఈ శాఖకు పునాది వేసినవాణ్ణని శాలువా కప్పుతారు. విని విని విసుగొచ్చింది. ఆ పునాది సంగతి నాకు తెలుసు.

ప్రత్యేక రాష్ట్రం కోసం జరిగిన అరవై తొమ్మిది ఉద్యమం నాటికి నేను చేవెళ్ల దవాఖానలో డాక్టర్ని. ప్రాణం మీదికొచ్చినవాళ్ళను చూడడానికి వేరే చదువు, వేరే డాక్టర్లు ఉండాలని మేం కొద్దిమందిమి సంఘం పెట్టుకున్నాం. "కట్టు కట్టడానికి కూడా పట్టా కావాలా?" అని పెద్ద డాక్టర్లు నవ్వేవాళ్ళు. అర్జీలు రాసి రాసి అలసిపోయాక, మా మాట వింటామని పట్నంలో ఒక సభ పెట్టారు. మాట్లాడాల్సింది నేను.

సభ రోజు పొద్దున షాబాద్ వైపు నుంచి ఒక రైతును బండిలో తెచ్చారు. ఎద్దు తొడలో పొడిచింది. అక్కడే గాయం తెరిచి, తెగిన రక్తనాళాన్ని పట్టి ముడేయాలి. గంట పని, నాకు చేతనైన పనే. గడియారం చూసుకున్నాను. గట్టిగా కట్టు కట్టి, పెద్ద దవాఖానకు చీటీ రాసి, పట్నం పోయే లారీ ఎక్కించాను. మేమందరం చేసేది అదే. చీటీ రాస్తే మా బాధ్యత తీరినట్టే.

"నాకు మీటింగున్నదమ్మా. పట్నంల మంచిగ జూస్తరు, ఫికర్ చెయ్యకు" అన్నాను అతని భార్యతో.

తర్వాత నా సంచిలోంచి పనిముట్లు తీసేసి, ప్రసంగం కాగితాలు సర్దుకుని మోటారు సైకిలు ఎక్కాను.

మొయినాబాద్ దగ్గర ఉద్యమం పిల్లలు చెట్లు నరికి రోడ్డుకు అడ్డం వేశారు. లారీ ఆగిపోయి ఉంది. రైతును దించి పక్కన పడుకోబెట్టారు. కట్టు పూర్తిగా తడిసింది. నన్ను చూడగానే ఆమె లేచి నా చీటీ నాకే చాపింది.

"గీ చీటీ ఎవరికియ్యాలె సారు?"

సంచిలో కాగితాలు తప్ప ఏమీ లేవు. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో తొడను అదిమిపట్టాను. పిల్లలు భయపడి చెట్లు పక్కకు లాగడం మొదలుపెట్టారు. వాళ్ళు దారి చేసేలోపే అతను పోయాడు.

ఆమె కాసేపు ఏడ్చి, ఎవరినో అడిగి చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతుల మీద పోసింది.

"మాతోని మీ మీటింగు ఖరాబైంది సారు" అన్నది.

చేవెళ్లలో గంటసేపు ఆగి ఉంటే అతన్ని బతికించగలిగేవాణ్ణని నేను ఆమెకు చెప్పలేదు. చేతులు కడుక్కున్నాను.