ఉతకని బొంత

వెంకటశేషమ్మ మొగుడు పోలేరయ్య చనిపోయాడని చెప్పగలిగినవాళ్ళు లేరు. బతికున్నాడని చెప్పగలిగినవాళ్ళూ లేరు. యాభై ఏడులో, కోతలు అయిపోయి చేతిలో పనిలేని రోజుల్లో, సరుగుడు కట్టెల పడవెక్కి కాలవ మీద మద్రాసు పోయాడు. పడవ తిరిగొచ్చింది, అతను రాలేదు. కట్టెలు దించాక చుట్టలు కొనుక్కొస్తానని గట్టెక్కాడనీ, పొద్దుగూకేదాకా చూసి తాళ్ళు విప్పామనీ పడవవాళ్ళు చెప్పారు. అతని అన్న హజరత్తయ్య మద్రాసు పోయి ఆస్పత్రులూ సత్రాలూ తిరిగి, ఒట్టి చేతులతో వచ్చాడు.

చిట్టమూరు దాటి సముద్రం వైపు నడిస్తే వచ్చే చిన్న ఊరు వాళ్ళది. ఇంట్లో ముసలి అత్త, బావ హజరత్తయ్య, అతని భార్య, శేషమ్మ. శేషమ్మకు పిల్లల్లేరు. ఆమె నొసట బొట్టు ఉంది. కానీ పేరంటానికి పిలవాలో వద్దో ఊరి ఆడవాళ్ళకు తేలక, పిలవడం మరిచిపోయినట్టు నటించేవారు. ఆమె కూడా మరిచిపోయినట్టే ఉండేది. అదే ఊళ్ళో పెరిగిన నేను చూసిన మనుషుల్లో అంత తక్కువ చోటులో బతికిన మనిషి ఇంకొకరు లేరు. గోడ పక్కన నడిచేది, గడప పక్కన తినేది. ఆమెకంటూ ఉన్నది ఒక రేకుపెట్టె. అందులో పోలేరయ్య బట్టలు.

మూడో ఏడు అత్త కర్మ మాట తెచ్చింది.

"వాడు ఆకలని కల్లోకొస్తాండాడు మ్మే. ఎన్నాళ్ళని పస్తు పెడతాం? బట్టలు చాకలికిచ్చేసి కర్మ చేయిద్దాం."

"చాకలికిచ్చేది పోయినోళ్ళ బట్టలు గదా అత్తా."

"ఉన్నోడైతే కల్లో ఎందుకు ఏడస్తాడు? కన్నదాన్ని, నాకు తెలీదా?"

చనిపోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు, చాకలికి ఇచ్చేస్తారు. అందుకే ఆ పెట్టె ఖాళీ అయిన రోజున పోలేరయ్య చచ్చినవాడి కింద లెక్క. శేషమ్మకు అది తెలుసు. అత్త ఏడుపు అబద్ధం కాదనీ తెలుసు. హజరత్తయ్య అమావాస్య పోయాక ఓబులేసుకు కబురు పెడతానన్నాడు. ఓబులేసు ఆ ఊరి చాకలి.

మర్నాడు శేషమ్మ వెనకవీధిలో మస్తానమ్మ దగ్గరికి పోయింది. మస్తానమ్మ ఊరందరికీ బొంతలు కుడుతుంది. నోరు పెద్దది, మనసు మెత్తన. సంగతంతా విని, సూది తలలో గుచ్చుకుని, నవ్వింది.

"బొంతలో ఏసేయి. బొంతలోకి పోయిన గుడ్డ ఎవరిదని ఎవురూ అడగరు. నా బొంతలో మా మామ గోచీ గూడా ఉండాది, ఎవురన్నా అడిగినారా?"

"నాకు కుట్టను రాదక్కా."

"మొగుడి కాడికొచ్చేటప్పుడు కాపరం వచ్చా నీకు? ఇదీ అంతే."

ముందు మసిగుడ్డ కుట్టమంది, కుండ దించేందుకు. చిన్నదైతే తప్పు కనపడుతుంది, పెద్దదైతే తప్పు దాక్కుంటుందని ఆమె లెక్క. శేషమ్మ బారెడు దారం ఎక్కించింది, చిక్కు పడింది. "మూరెడు చాలు. దూరంపోయే దారం తిరిగి రాదు మ్మే," అని, తను అన్నదేమిటో తెలిసి మస్తానమ్మ నాలిక కరుచుకుంది. శేషమ్మ విననట్టే దారం తెంపింది. కుట్టుకుట్టుకీ గట్టిగా లాగింది. గుడ్డ ముడుచుకుపోయి, మసిగుడ్డ మధ్యలో బుడిపె లేచింది.

"కుండ దించేదానికా ఇది, నెత్తిన బోర్లించుకునేదానికా?"

మస్తానమ్మ ఇంట్లో శేషమ్మ నవ్విన ఒక్కసారి అదే.

మూడు మసిగుడ్డలు పాడుచేశాక కుట్టు దారిలో పడింది. అప్పుడు బొంత. మస్తానమ్మ ఇల్లు ఊడ్చి, శేషమ్మ పాతచీరలు రెండు ఒకదాని మీద ఒకటి పరిచి, మూలల మీద రాళ్ళు పెట్టించింది. పోలేరయ్య పంచెలు, తలగుడ్డ, గళ్ళచొక్కా పక్కన పెట్టించింది.

"కత్తిరించబాక. చివర చిన్న గాటు పెట్టి చించు. చిరిగిన గుడ్డ నూలు పోయిన దారినే పోతాది, వంకర రాదు."

చొక్కా చించేటప్పుడు శేషమ్మ చేతులు ఆగిపోయాయి. మస్తానమ్మ మొహం తిప్పుకుని ఆకు వేసుకుంది. చాలాసేపటికి చిరిగిన చప్పుడు వినిపించింది.

"ఇంక ఈ ముక్కలన్నీ నీళ్ళలో గుంజి ఉతికి ఆరేసుకునిరా. చెమట, గంజి పోవాల. ఉతక్కుండా కుడితే పురుగు పడతాది. బొంత కుట్టేవాళ్ళకు మొదటి మాట అది."

"ఉతకను."

"ఏంది?"

"ఉతకను అక్కా. చుట్టవాసన పోతాది."

మస్తానమ్మ చాలాసేపు తిట్టింది. ముక్కుతో కాపరం చేస్తావా అంది. శేషమ్మ తల వంచుకుని కూర్చుంది గానీ కదల్లేదు. చివరికి మస్తానమ్మే తగ్గి, గళ్ళముక్కలు మధ్యలో, తెల్లముక్కలు చుట్టూ సర్దింది. ముక్కల అంచులు లోపలికి మడవడం, ముడి పొరల మధ్య దాచడం, సూది మీద నాలుగు కుట్లు ఎక్కాక లాగడం, కింద మడత పడిందేమోనని అరచెయ్యి జొనిపి చూడడం చెప్పింది. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి రావాలి. శేషమ్మ బొంత మీదే కూర్చుని కుట్టింది. బయటి పని ఎంత ఉన్నా పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు. అమావాస్య రాకముందే నడిమి గళ్ళముక్క చుట్టూ ఆఖరి వరస పడింది.

హజరత్తయ్య పెట్టె తెరిచి చూశాడు.

"తమ్ముడి బట్టలేవమ్మా?"

"బొంతలో ఏసినాను బావా."

అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. చచ్చినవాడి పంచెను ఏం చెయ్యాలో తెలుసు. బొంత ఇంటి సొత్తు, అది మనిషి బట్ట కాదు. ఓబులేసును ఉత్తచేతుల్తో పంపించేశాడు. తోడికోడలు మాత్రం దొడ్లో అందరికీ వినిపించేట్టు, "మొగుడు కనపడకపోతే గుడ్డలు కప్పుకున్నా సరిపోతాదంట!" అంది. అత్త రెండు రోజులు శేషమ్మతో మాట్లాడలేదు.

శేషమ్మ ఆ బొంత ఎన్నడూ కప్పుకోలేదు. మడిచి పెట్టెలో పెట్టింది. ఎప్పుడన్నా మూత ఎత్తి, వంగి, మళ్ళీ మూసేది. కర్మ మాట కొన్నేళ్ళు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమె గెలుపు. అంతకంటే పెద్దది ఆమె అడగలేదు. అతను వస్తాడని ఆమె నమ్మిందని నేననుకోను. రాడని ఎవరూ తేల్చకుండా ఉంటే చాలనుకుంది.

తర్వాత అత్తకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట సగం పోయింది. ఆ ఏడు కార్తీకంలో తుపాను గాలి మూడు రోజులు ఆగకుండా కొట్టింది. కప్పు తాటాకు లేచిపోయి ఇంట్లో బొంతలన్నీ తడిశాయి. ముసలమ్మ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. పొడిగా ఉన్నది ఇంట్లో ఒక్కటే. శేషమ్మ పెట్టె తీసి, అది తెచ్చి కప్పింది.

అత్త వణుకు ఆగింది. ఎడమచెయ్యి బొంత మీద పాకుతూ నడిమికి వచ్చి, గళ్ళముక్క దగ్గర ఆగింది. దాన్ని ముక్కు దగ్గరికి లాక్కుంది.

"పోలేరా," అంది. ఆ మాట మాత్రం వంకర పోలేదు.

తుపాను వెలిసింది. మిగతా బొంతలు ఆరాయి. అత్త దీన్ని వదల్లేదు. పక్కకు తీస్తే పసిబిడ్డలాగా ఏడ్చేది. కింద పరిచి, సగం మీద కప్పితేగాని కళ్ళు మూసేది కాదు. శేషమ్మ ఆమెకు గంజి పట్టబోతే పెదాలు బిగించి, "వాడికి... ముందు వాడికి," అనేది. శేషమ్మ గంజి బొంత వైపు చూపించి, అప్పుడు ఆమె నోట్లో పోసేది.

చూడవచ్చిన మస్తానమ్మ శేషమ్మను దొడ్లోకి లాక్కుపోయింది.

"నీకేమన్నా పిచ్చా? ముసిలామె ఇయ్యాలో రేపో. దానిమీదే పానం పోతే పక్కబట్టలన్నీ చాకలికి పోతాయి. అంత పాటుపడి నిలుపుకున్నావు. వేరేది మార్చు."

"మారిస్తే తెలుస్తాదక్కా. వాసనుండాది గదా."

"నీకెంత జెప్పినాను ఆ పొద్దు, ఉతకమని!"

ఆ మధ్యాహ్నం అత్త నిద్రపోయినప్పుడు శేషమ్మ ఇంకో బొంత తెచ్చి పక్కన పెట్టుకుంది. మెల్లగా అంచు పట్టి లాగింది. అత్త కళ్ళు తెరవలేదు, గళ్ళముక్క పట్టుకున్న పిడికిలి మాత్రం ఇంకా బిగిసింది. ఆ ఊళ్ళో పోలేరయ్యను చచ్చినవాడని మొదట అన్న మనిషి ఆమె. ఇప్పుడు అతను పక్కనే ఉన్నాడనుకుంటున్న మనిషి కూడా ఆమె ఒక్కతే. శేషమ్మ అంచు వదిలేసింది.

రెండో నాడు పొద్దున్నే అత్త ఊపిరి మారింది. పోయే మనిషిని నేల మీదికి దించాలి గనక హజరత్తయ్య తల వైపు, తోడికోడలు కాళ్ళ వైపు పట్టారు.

"ఆ బొంత తీసెయ్యండి, ఒట్టి నేల మీద పండబెట్టాల," అన్నాడు హజరత్తయ్య.

తోడికోడలు ముసలమ్మ వేళ్ళు ఒక్కొక్కటి విప్పబోయింది. రాలేదు. ఆమె తల ఎత్తి శేషమ్మను చూసింది. ఆ చూపులో ఎగతాళి లేదు.

"పట్టు శేషమ్మా, నువ్వొక చెయ్యెయ్యి. ఇప్పుడు తీస్తే ఉంటాది నీకు."

శేషమ్మ ముందుకు వచ్చి, అత్త పిడికిలి మీద చెయ్యి వేసింది.

"ఉండనీ అక్కా," అంది.

బొంతతోనే దించారు. ఎండ గడపలోకి రాకముందే ప్రాణం పోయింది.

మర్నాడు ఓబులేసు వచ్చి పక్కబట్టలు మూటగట్టాడు. గళ్ళముక్క అడుగున పడింది. "అంతేనా, ఇంకేమన్నా ఉండాయా అమ్మా?" అన్నాడు. హజరత్తయ్య శేషమ్మ వైపు చూశాడు.

"అంతే," అంది ఆమె.

పెద్దకర్మ నాడు హజరత్తయ్య తల్లి పేరుతో పాటు తమ్ముడి పేరు కూడా చెప్పి పిండం పెట్టాడు. ఆమెను అడగలేదు, ఆమె అడ్డమూ రాలేదు. బంధువులు వెళ్ళిపోయాక మస్తానమ్మ వచ్చి గడపలో కూర్చుంది.

"నా కాడ మంచి మెత్తటి గుడ్డలుండాయి మ్మే. ఇంకోటి మొదలుబెడదాం రా."

శేషమ్మ నేల అలుకుతోంది. తల ఎత్తలేదు.

"ఎందుకక్కా?"

అని, అలుకుగుడ్డ పిండి, మిగిలిన మూల అలికింది.