పేర్లు చెప్పని ఆట

మా కిటికీ ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి లౌడ్‌స్పీకరు కట్టడం చూసిన రోజే నేను ఇల్లు మారిపోదామనుకున్నాను. గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చి ఖిదిర్‌పూర్‌లో ఈ ఇల్లు సంపాదించేసరికే తాతలు దిగొచ్చారు. ఆదివారం మధ్యాహ్నం కాస్త కునుకు తీద్దామని పడుకుంటే, స్తంభం మీద నుంచి ఒక పెద్దాయన గొంతు బెంగాలీలో మొదలై, హిందీలోకి వెళ్ళి, ఉన్నట్టుండి శ్రీకాకుళం తెలుగులో నిట్టూర్చింది. నాలుగు మాటలు అడిగేద్దామని చెప్పులేసుకుని దిగాను. మైదానం పక్కన షామియానా కింద బల్ల మీద మైకు పెట్టుకుని, మెడలో తువ్వాలుతో కూర్చుని ఉన్నది మా పై అంతస్తు రామనాథం బాబాయిగారు. తిట్టడానికి వెళ్ళినదాన్ని మట్టిపిడతలో టీ తాగి వచ్చాను.

బాబాయిగారికి అరవై ఎనిమిదేళ్ళు. ఊరు పలాస. బ్యాంకు ఉద్యోగంలో మూడేళ్ళ కోసమని కలకత్తా వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. మధ్యలో రెండుసార్లు ప్రమోషన్ ఇస్తామంటే వద్దని రాసిచ్చారట. ప్రమోషన్ పుచ్చుకుంటే జూన్‌లో వేరే ఊరికి పంపిస్తారు, జూన్‌లో ఇక్కడ ఫుట్‌బాల్ మొదలవుతుంది, అదీ కారణం. ఈ సంగతి వాళ్ళావిడ జ్ఞానప్రసూన పిన్నిగారు చెప్పినప్పుడు ఆవిడ గొంతులో కోపం ఉంటుందేమోనని చూశాను. కోపం ఏనాడో అరిగిపోయింది. జన్మలో ఒక్కసారి కూడా బంతి తన్నని మనిషి పంతొమ్మిదేళ్ళుగా ఆ మైకు వదల్లేదు.

ఆయన మనసంతా డాక్ యువక్ సంఘ మీద. రేవు కార్మికుల క్వార్టర్ల కుర్రాళ్ళ జట్టు అది. తెలుగువాళ్ళు, బెంగాలీలు, ఉర్దూ మాట్లాడేవాళ్ళు అందరూ ఉంటారు, అందరిదీ ఎర్ర చొక్కా. ఈ చుట్టుపక్కల పేటలన్నీ కలిసి ఆడుకునే వానాకాలపు షీల్డు ఆరేళ్ళుగా వాళ్ళదే. క్లబ్బు గదిలో షీల్డు తగిలించడానికి గోడకి ఒక మేకు కొట్టారు. ఆరేళ్ళుగా ఆ మేకు ఖాళీగా ఉన్నది లేదు.

వ్యాఖ్యానంలో బాబాయిగారికి నిష్పాక్షికత అనే జబ్బు లేదు. సంతోషం వస్తే బెంగాలీలో అరుస్తారు, రిఫరీ మీద కోపమొస్తే హిందీ, గుండె జారితే తెలుగు. మనవాళ్ళు గోల్ కొడితే కొట్టినవాడి పేరు, తండ్రి పేరు, క్వార్టరు నంబరు కూడా చెప్తారు. అవతలివాళ్ళు కొడితే, గోల్ జరిగింది, అంటారు, అదేదో దానంతటదే జరిగినట్టు. మొదట్లో ఒళ్ళు మండేది. రెండో వానాకాలానికి నాకు పదకొండుమంది పేర్లూ వచ్చేశాయి. ఫుట్‌బాల్ మాత్రం ఇప్పటికీ రాదు.

ఆ పదకొండుమందిలో ముందు చెప్పాల్సింది బన్నీ గురించి. అసలు పేరు కృష్ణచైతన్య. గార్డెన్ రీచ్‌లో ఓడలు కట్టే యార్డులో కాంట్రాక్టు వెల్డరు, ఇరవై మూడేళ్ళు, గోల్స్ కొట్టేది అతనే. వాళ్ళమ్మ అప్పలకొండమ్మ మైదానం మూల ఇడ్లీ బండి పెట్టుకుంటుంది. ప్రతి ఆటకీ ముందు జట్టునంతా వరసగా నిలబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి మూడుసార్లు తిప్పి, థూ అనిపించి, తన బొగ్గుల పొయ్యిలో పడేస్తుంది. చిటపటమంటే దిష్టి పోయినట్టు. ఉర్దూ పిల్లలూ నవ్వుతూనే థూ అంటారు. అంత చేసే మనిషి కొడుకు ఆట ఒక్కటీ చూడలేదు. కన్నతల్లి దిష్టి అన్నిటికన్నా చెడ్డదట, ఉప్పూ మిరపకాయలకి కూడా పోదట. అందుకని ఆట జరుగుతున్నంతసేపూ గోడౌన్ గోడ వైపు తిరిగి కూర్చుని మైకులో వింటుంది. కొడుకు కొట్టిన గోల్సన్నీ ఆవిడ చూసింది బాబాయిగారి గొంతులోనే.

ఈ ఏడు ఆ గొంతుకే కష్టం వచ్చింది.

తొలి ఆటలో, మన పాపయ్య గోల్ ముందు నిలబడితే గాలి కూడా అడిగి లోపలికెళ్ళాలి, అన్నారు బాబాయిగారు. ఐదు నిమిషాల్లో పాపయ్య వేలు విరిగింది. తరవాతి వారం, ఇర్షాద్ పాస్ ఇస్తే తాంబూలం అందించినట్టు ఉంటుంది, అన్నారు. ఇర్షాద్ బురదలో జారి మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. మూడోసారి జాగ్రత్తపడి, దెబ్బల ఊసు లేకుండా, ఈ ప్రజ్వల్ పెద్ద క్లబ్బులో ఉండాల్సిన కుర్రాడు, అని మాత్రమే అన్నారు. పది రోజుల్లో ఊరి మధ్య కలకత్తా మైదాన్‌లో ఉన్న ఒక పెద్ద క్లబ్బు వచ్చి ప్రజ్వల్‌ని పట్టుకుపోయింది. ఆ అబ్బాయికి అదృష్టమే, మన జట్టుకి మాత్రం నడుం విరిగింది.

బాబాయిగారి నాలుక మీద మచ్చ ఉందని పేటంతా పాకింది. పిన్నిగారు పట్టపగలు టార్చి వేసి ఆయన నోరు తెరిపించి చూశారు. మచ్చ లేదు, రెండు పళ్ళు మాత్రం పీకించాలి, అని తేల్చారు. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. సెమీఫైనల్ రోజు ఆయనకి గొంతు పట్టేసింది. మైకు ముందు వేరే ఎవరో కూర్చున్నారు. సగం జట్టు కొత్తవాళ్ళే అయినా మనవాళ్ళు మూడు గోల్స్‌తో గెలిచారు. ఇంకేం సాక్ష్యం కావాలి ఎవరికైనా.

ఫైనల్‌కి రెండు రోజుల ముందు అప్పలకొండమ్మ మేడెక్కి వచ్చింది. పిన్నిగారు కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

“మా బన్నీ పేరు మీ నోట రానీకండి బాబూ. మనోళ్ళ పేర్లు ఏటీ ఒద్దు. ఆడి కాలిరిగితే యార్డులో పనెవులిస్తారు?”

పేటలో ఇంకెవరు ఏమన్నా ఆయన ఇంత పట్టించుకునేవారు కాదు. ఈవిడ అన్నందుకు మొహం మాడిపోయింది. సరేనమ్మా, ఒక్క పేరూ చెప్పను, అని మాటిచ్చారు. ఆవిడ వెళ్ళాక పిన్నిగారు గిన్నెలన్నీ గట్టిగా చప్పుడు చేస్తూ సర్దారు. ఈ మనిషిని పంతొమ్మిదేళ్ళు వాడుకుని, ఇప్పుడు దోషం ఆయన నోటిదంటారా అని నాకూ కడుపు మండింది. మైకు వాళ్ళ మొహాన కొట్టి ఇంట్లో కూర్చోండి బాబాయిగారూ అన్నాను. ఆయన కిటికీలోంచి మైదానం వైపు చూస్తూ, “పేర్లు నేకపోతే అది ఆటెలాగవుతాదమ్మా, చొక్కాలు పరిగెట్టినట్టుంటాది గానీ” అన్నారు. అయినా వెళ్తానన్నారు.

ఫైనల్ ఆగస్టు ఆఖరి ఆదివారం, సన్నటి వానలో. అవతలి జట్టు గార్డెన్ రీచ్ వాళ్ళు, నీలం చొక్కాలు. మనవాళ్ళ పేర్లు చెప్పకూడదు కాబట్టి బాబాయిగారు వాళ్ళ పేర్లు అందుకుని తెగ పొగడటం మొదలుపెట్టారు. ఎంత చక్కటి పరుగు, ఎంత గట్టి కాలు అని. పావుగంట గడవకముందే గార్డెన్ రీచ్ పెద్దమనిషి ఒకాయన గొడుగు పట్టుకుని షామియానాలోకి వచ్చి చేతులు జోడించాడు. దాదా, మా పిల్లల్ని కూడా పొగడకండి, మీ గురించి మేమూ విన్నాం, అన్నాడు. ఆ తరవాత ఎరుపు దగ్గర బంతి, నీలం దగ్గర బంతి, ఇదే వ్యాఖ్యానం. ముప్ఫయ్యో నిమిషంలో బన్నీ ఇద్దరిని దాటుకుని గోల్ కొట్టాడు. జనం అరుపుల్లో ఏ పేరూ వినపడలేదు. బాబాయిగారు మైకు దగ్గరికి వంగి, “గోల్. ఎరుపు.” అని ఊరుకున్నారు.

రెండో సగంలో నీలం వాళ్ళు ఒకటి కొట్టి సమానం చేశారు. ఇంకో ఇరవై నిమిషాలుందనగా బురదలో ఇద్దరు గుద్దుకున్నారు. “ఎర్ర చొక్కా ఒకటి పడింది. లేవలేదు,” అన్నారు బాబాయిగారు. అంతకంటే చెప్పడానికి ఆయనకి హక్కు లేదు.

ఇడ్లీ బండి దగ్గర అప్పలకొండమ్మ లేచి నిలబడింది. అటు తిరిగి చూడకూడదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా మైదానం గీత దగ్గరికి పరిగెత్తారు, అడగడానికి మనిషి లేడు. చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, మైదానం కంటపడకుండా పక్కకి పక్కకి నడుస్తూ షామియానా దాకా వచ్చింది.

“ఎవుడు బాబూ పడిపోనాడు?”

బాబాయిగారు మైకుని చేత్తో మూసి, బన్నీ కాదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఇచ్చిన మాట మైకు వరకే కాదు, నోటికి కూడా అని ఆయన లెక్క.

“తలూపితే నాకేటి తెలుస్తాది? పేరు సెప్పండి.”

“నువ్వే ఒద్దన్నావు కదమ్మా.”

“ఒద్దన్నాను. ఇప్పుడు సెప్పమంతన్నాను. మీరు సెప్పకపోతే నాకు నా కొడుకు ఎక్కడున్నాడో తెలీడం నేదు.”

బాబాయిగారు మైకు మీద నుంచి చెయ్యి తీశారు. “పడింది బైరాగి. ఏమీ కాలేదు, లేచాడు. బంతి ఇప్పుడు కృష్ణచైతన్య దగ్గరుంది,” అన్నారు. మైదానం చుట్టూ ఒక్కసారి గోల లేచింది. అది సంతోషమో భయమో నాకు తెలియలేదు. అప్పలకొండమ్మ బల్లకి వీపు ఆనించి, ఆటకి వీపు చూపిస్తూ అక్కడే చతికిలబడింది.

ఇంకో గోల్ పడలేదు. పెనాల్టీల దాకా వచ్చింది. నాలుగేసి తన్నులయ్యాక నీలం వాళ్ళది ఒకటి ఎక్కువ, వాళ్ళ ఐదోది కూడా లోపలికి వెళ్ళిపోయుంటే అక్కడితో సరి. అది పాపయ్య బదులు నిలబడ్డ కొత్త కుర్రాడు ఆపేశాడు. ఇక మనవాళ్ళ ఆఖరి తన్ను, అది పడితే సమానం, పోతే షీల్డు పోయినట్టే. బన్నీ బంతి పెట్టి వెనక్కి నడిచాడు. బాబాయిగారు కిందికి చూశారు. ఆవిడ తల ఎత్తకుండానే, సెప్పండి, అంది.

“కృష్ణచైతన్య వస్తున్నాడు. అప్పలకొండమ్మ కొడుకు, పదిహేడో నంబరు క్వార్టరు.”

బంతి పైబారుకి కొట్టుకుని ఆకాశంలోకి లేచిపోయింది. బాబాయిగారు, “పోయింది” అన్నారు. తెలుగులో.

మైకు కట్టెయ్యండి అని వెనకనించి ఎవరో అరిచారు. వందమంది షామియానా వైపు చూస్తున్నారు. ఆరేళ్ళుగా పైన ఉన్న జట్టు, సగం మంది లేకుండా, ఆఖరి తన్ను దాకా వచ్చి ఓడింది. అది ఎవరికీ గుర్తులేదు, బాబాయిగారి నోరొక్కటే గుర్తుంది. పేరు చెప్పమని అడిగింది ఆవిడేనని అందరి మీదా అరుద్దామని నేను లేచాను. నాకంటే ముందు అప్పలకొండమ్మ లేచింది. ఆట అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఎటైనా చూడొచ్చు. ఆవిడ మాత్రం కొడుకు వైపు చూడలేదు. కొంగుముడి విప్పింది. అందులో ఆట అయ్యాక బన్నీకి తీద్దామని కట్టుకున్న ఉప్పూ మిరపకాయలూ ఉన్నాయి.

“నిలబడండి బాబూ. ఇన్ని కళ్ళూ మీ మీద పడతన్నాయి.”

బాబాయిగారు లేచి నిలబడ్డారు. తువ్వాలు తీసి బల్ల మీద పెట్టారు. అందరూ చూస్తుండగా ఆవిడ గుప్పిట ఆయన తల చుట్టూ మూడుసార్లు తిప్పి, థూ అనండి అంది. అన్నారు. బండి దగ్గరికెళ్ళి పొయ్యిలో వేస్తే చాలాసేపు చిటపటలాడాయి. ఎంత దిష్టో చూడండి పాపం, అని పేటంతా వినేలా అంది అప్పలకొండమ్మ. అరిచినవాడు ఎవడో గాని మళ్ళీ అరవలేదు. ఒళ్ళంతా బురదతో బన్నీ వచ్చి, నేనే ఎత్తుగా తన్నేసినాను దాదూ, అని ఆయన పక్కన కూలబడ్డాడు. బెంగాలీలో తాతని అలాగే అంటారు. అంత పొడుగున్నవాడు, బుగ్గల మీద బురదలోంచి కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు.

మైకుసెట్టువాళ్ళు వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయారు. గార్డెన్ రీచ్ వాళ్ళు షీల్డు లారీ ఎక్కించుకుని డప్పులతో పోయారు. అప్పలకొండమ్మ మిగిలిన ఇడ్లీలు మా అందరికీ పెట్టి, బాబాయిగారి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

“తొలి సగం నాకేటీ తెలీనేదు. మొదట్నించీ సెప్పండి. పేర్లతో.”

ఆయన గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టారు. బంతి బైరాగి నుంచి మొదలైంది, కుడి పక్కన నీళ్ళు నిలిచాయి, కొత్త కుర్రాడు రెండు ఆపాడు, ఒక్కొక్క పేరూ, ఒక్కొక్క తండ్రి పేరూ. ముప్ఫయ్యో నిమిషం వచ్చేసరికి ఆయన బెంగాలీలోకి వెళ్ళిపోయారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

“ఆ గోలు ఎవుడిది బాబూ?”

“మీవాడిదేనమ్మా. ఇద్దరిని దాటుకుని కొట్టాడు.”

అప్పలకొండమ్మ కొడుకు వైపు చూసింది, మళ్ళీ బాబాయిగారి వైపు చూసింది. ఇడ్లీ పళ్ళెం కింద పెట్టి, కళ్ళు మూసుకుని, గోడౌన్ గోడ వైపు తిరిగి కూర్చుంది.

“ఇప్పుడు సెప్పండి,” అంది.