అత్తాకోడళ్ళ ఎపిసోడ్

సాయంత్రం పూట టీవీలో వచ్చే ఆ ఆడవాళ్ళ ఆటల కార్యక్రమం మొదలైనప్పుడు నేను ఇంకా పలక పట్టుకుని బడికి పోతున్నాను. ఇప్పటికీ అది వస్తూనే ఉంది. యాంకర్లు మారారు, సెట్లు మారాయి, పేరు వెనక కొత్త తోకలు చేరాయి. ఆట మాత్రం ఎటు తిరిగినా బుడగలు ఊదడం దగ్గరికే వస్తుంది.

మొదట్లో వాళ్ళే ఊళ్ళకు వచ్చేవాళ్ళు. ఏదో ఒక వీధిలో నలుగురు ఆడవాళ్ళను నిలబెట్టి సూదిలో దారం ఎక్కించమనేవాళ్ళు. గెలిచినామెకు స్టీలు బిందె. తర్వాత ఆట హైదరాబాద్ స్టూడియోలోకి పోయింది. బిందె పోయి పట్టుచీర వచ్చింది. ఆ తర్వాత చక్రం తిప్పే రకం, అక్కాచెల్లెళ్ళ రకం, ఆ వెనక అత్తాకోడళ్ళ రకం వచ్చాయి. నరసరావుపేటలో మా ఇంటికి సంబంధించినంతవరకు ముఖ్యమైనది అదే.

మా నాయనమ్మా అమ్మా ఆ కార్యక్రమాన్ని ఒకే గదిలో చూసేవాళ్ళు. ఒకరు మంచం మీద, ఒకరు గడప దగ్గర. ఇద్దరికీ మాటల్లేవు. నా చెవులు కుట్టించిన రోజున మాచర్ల నుంచి వచ్చిన అమ్మ పుట్టింటివాళ్ళ బంతికి గారెలు అందలేదు. అందలేదని అమ్మ, వడ్డించానని నాయనమ్మ. అప్పటినుంచి ఏ సంగతైనా నా ద్వారానే నడిచేది. పాలు పొంగుతున్నాయని మీ అమ్మకు చెప్పమని నాయనమ్మ నాతో అనేది. అమ్మ పొయ్యి పక్కనే ఉండేది. నేను వెళ్ళి చెప్పాకే ఆర్పేది. ఆలోగా పాలు పొంగేవి.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఎంపికల కోసం ఆ కార్యక్రమం వాళ్ళు మా ఊరి కల్యాణ మండపానికి వస్తున్నారని పక్కింటి పిన్ని చెప్పింది. ఆమె భర్తకు లారీ మెకానిక్ షెడ్డు ఉంది. నమాజు వేళ తప్ప వాళ్ళ టీవీ కూడా ఆ చానల్ మీదే ఉండేది. మా వాళ్ళ పేర్లు ఇచ్చింది ఆమే. యాంకర్‌ను దగ్గరగా చూడాలని అత్తకూ ఉంది, కోడలికీ ఉంది. ఒకరు లేకుండా ఇంకొకరిని రానివ్వరు. కాబట్టి ఇద్దరూ వెళ్ళారు. మీరు మాట్లాడుకుంటారా అని అక్కడ ఎవరూ అడగలేదు. ఎంపికయ్యారు.

స్టూడియోకు నేనూ వెళ్ళాను. సంగతులు చేరవేయడానికి ఎవరో ఒకరు ఉండాలి.

బుట్టలో బంతులు వేసే ఆట ఓడిపోయారు. తర్వాత పలకల రౌండు. యాంకర్ అడిగినదానికి అత్త ఒక పలక మీద, కోడలు ఒక పలక మీద జవాబు రాయాలి, రెండూ కలవాలి. అత్తకు దేనికి భయం? రెండు పలకల మీదా ఉరుము. కోడలికి గిట్టని కూర? రెండింటి మీదా పొట్లకాయ. అన్నీ కలుస్తూ పోయాయి. ఇంత అన్యోన్యమైన అత్తాకోడళ్ళను తాను చూడలేదని యాంకర్ అంది. కొట్టమన్నప్పుడల్లా నేను చప్పట్లు కొట్టాను.

ఆఖరి ప్రశ్న: కోడలు చివరిసారి ఎందుకు ఏడ్చింది? అమ్మ పలక మీద ‘సీరియల్ చూసి’ అని ఉంది. నాయనమ్మ రాయడానికి చాలాసేపు పట్టింది. ‘వాళ్ళ నాన్న కోసం. బాత్రూంలో.’ కలవలేదు కనుక బజర్ మోగింది. పట్టుచీరలు మాతో పోటీపడ్డ కారంపూడి అత్తాకోడళ్ళకు పోయాయి. మాకు ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు.

అమ్మ వాళ్ళ నాన్న ఆ ఏడాదే పోయాడు. అమ్మ ఏడవగా ఇంట్లో ఎవరం చూడలేదు. గట్టి మనిషని అనుకున్నాం.

తిరుగు బస్సులో నేను ఇద్దరికీ మధ్య కూర్చున్నాను. హైదరాబాద్ దాటాక అమ్మ నా మీదుగా వంగి నేరుగా నాయనమ్మనే అడిగింది.

"అత్తా, నీకెట్టా తెలిసింది?"

"ట్యాపు తిప్పి ఉంది, నీళ్ళు పోతన్నయ్. చెంబు చప్పుడు లేదు," అంది నాయనమ్మ. "చానాసేపు తలుపు కాడ నిలబడ్డా."

"మరి పిలవలేదే?"

"ఏమని పిలిచేది? మనకు మాటల్లేవు గదా."

అమ్మ కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి నాయనమ్మ సంచిలోంచి జంతికల పొట్లం తీసి, నా మీదుగా చెయ్యి చాపి అమ్మకే ఇచ్చింది. అమ్మ తీసుకుంది. నాకు ఎవరూ పెట్టలేదు.

ఎపిసోడ్ వచ్చిన రోజున వీధంతా మా ఇంట్లో కూర్చుంది. ఆఖరి ప్రశ్నను కోసేశారు. బంతులు జారిపోవడం మాత్రం వెనక నవ్వులు కలిపి మళ్ళీ మళ్ళీ చూపించారు. చీరలెట్లా పోయాయని పిన్ని అడిగితే, కోడలు అబద్ధం రాసిందని నాయనమ్మ చెప్పింది. అమ్మ కాదనలేదు.

ఇప్పటి రకంలో సీరియల్ నటులే అత్తాకోడళ్ళుగా వచ్చి ఆడుతున్నారు. మామూలు మనుషులు ఇంట్లో కూర్చుని ఫోన్లో జవాబు నొక్కవచ్చు. నాయనమ్మకు చూపు తగ్గింది; పలకల మీద ఎవరేం రాశారో అమ్మ చదివి చెబుతుంది. రాసిందంతా ముందే అనుకుని వచ్చిందేనని నాయనమ్మ, కాదని అమ్మ. ఆ వాదన తేలేలోగా కార్యక్రమం అయిపోతుంది. ఎవరు గెలిచారో ఇద్దరూ చూడరు.