శనివారం గోలీ

చలికాలం మొదలైన ఒక పొద్దున టీ గ్లాసు నా చేతిలోంచి జారిపడింది. గ్లాసుకు తడి లేదు, టీ మరీ వేడిగానూ లేదు. వేళ్లు మూసుకోలేదు, అంతే. కుడిచేతి వేళ్లు మూడు ఉబ్బి, పిడికిలి బిగించమంటే సగంలోనే ఆగిపోయాయి.

మాది తొర్రూరు. మా ఆయన మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో గుమస్తా. ఆ రోజు మా ఆయన అక్క నర్సింహులపేట నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. నేను ఆమెను వదినె అంటాను. గ్లాసు పగిలిన చప్పుడుకు లేచి వచ్చి, నా చేతివంక చూడకుండా నేలవంక చూసింది.

“చాయ్ గిలాస గూడ పట్టరాదా విజయా? దినమంత కుర్సీల కూసొని దారం తిప్పితే చేతులకు సత్తువ యాడికెళ్లొస్తది?”

దారం తిప్పడమంటే నా ఊలు అల్లిక. జనగామలో హాస్టల్లో ఉండి చదువుకున్నప్పుడు మా వార్డెన్ సిస్టర్ నాకు సూదులు పట్టడం నేర్పింది. సీదా కుట్టు, ఉల్టా కుట్టు, ఆ రెండూ వస్తే స్వెట్టర్ వచ్చినట్టే అనేది. అప్పటి నుంచి ఏ చలికాలమూ నా చేతులు ఖాళీగా లేవు. వదినె పిల్లలిద్దరూ నేనల్లిన స్వెట్టర్లు వేసుకునే బడికి పోయారు. ఆ సంగతి ఆమె మరిచిపోయింది. నేను మరిచిపోలేదు.

అప్పుడు నా సూదుల మీద ఉన్నది పసుపుపచ్చ స్వెట్టర్. భూపాలపల్లిలో ఉండే మా బిడ్డ స్వప్న కూతురికి. వీపు, ముందుభాగం, ఒక చెయ్యి అయిపోయాయి. రెండో చెయ్యి మణికట్టు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగింది.

తర్వాతి వారాల్లో తెల్లవారితే భయం పట్టుకుంది. లేవగానే చేతులు కట్టెల్లా ఉండేవి. జాకెట్ హుక్కులు పెట్టుకోలేకపోయేదాన్ని. నల్లా తిప్పలేక మోచేత్తో నెట్టేదాన్ని. ఎండ బాగా ఎక్కాక కొంచెం వదిలేది. తర్వాత మోకాళ్లు, పాదాలు కూడా అదే దారి పట్టాయి.

మొదట చూపించిన డాక్టర్ ఫోన్ మాట్లాడుతూనే రాశాడు. “ఈ వయసులో ఆడవాళ్లకు కామన్. కాల్షియం వాడండి.” చూపించడానికి బల్ల మీదికి చాచిన నా చేతివంక ఆయన చూడనేలేదు. రెండో ఆయన జనగామలో. చికున్‌గున్యా వచ్చి పోయి ఉంటుందన్నాడు, పెయిన్ కిల్లర్ రాశాడు. పోయేటప్పుడు మా ఆయనతో, “ఇంటిపని కొంచెం ఎక్కువ చేయించండి, వేళ్లు వాటంతటవే కదులుతాయి” అని నవ్వాడు. మా ఆయనా నవ్వాడు. బస్సులో తొర్రూరు దాకా నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

స్వప్న దగ్గరికి పోయినప్పుడు అది కనిపెట్టింది.

“అమ్మా, గిదేంది? చిన్నపోరి లెక్క రెండు చేతులతోని గిలాస పట్టుకుంటున్నవ్?”

“ఒక్కచేత్తోని పడ్తలేదు బిడ్డా.”

“ఎన్నొద్దుల సంది?”

చెప్పాను. అది నన్ను తిట్టింది, ఫోన్ చేసి వాళ్ల నాయినను ఇంకా ఎక్కువ తిట్టింది. మర్నాడే రక్తపరీక్షలు చేయించింది. కీళ్ల వాపును పట్టిచ్చేవి, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్పీ. అన్నీ ఎక్కువే వచ్చాయి. ఆ రిపోర్టులు పట్టుకుని నేనూ మా ఆయనా హనుమకొండలో కీళ్ల స్పెషలిస్టు దగ్గరికి పోయాం.

ఆయన నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూశాడు. నా చెయ్యి ముట్టుకున్న మొదటి డాక్టర్ ఆయనే. “ఇది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అమ్మా. వయసుతో వచ్చే అరుగుదల కాదు. మన ఇమ్యూనిటీయే మన కీళ్లను తింటుంది. పూర్తిగా క్యూర్ అని చెప్పను, కంట్రోల్‌లో పెట్టొచ్చు. ఆలస్యం చేస్తే వేళ్లు వంకర తిరుగుతాయి, మళ్లీ సరికావు.”

“ఊలు అల్లుకోవచ్చా సార్?” అన్నాను.

“వాపు తగ్గేదాకా వద్దు. తగ్గితే మీ ఇష్టం.”

తగ్గితే. ఆ మాట పట్టుకునే ఇంటికి వచ్చాను. సూదులతో సహా స్వెట్టర్‌ను దిండు కవర్లో చుట్టి బీరువాలో పెట్టాను. వదినె ఊరుకుంటుందా?

“మా ఊర్ల టైలరమ్మకు ఇయ్యరాదు, ఒక్క చెయ్యే గదా, అల్లి ఇస్తది. లేకుంటే దుకాణంల కొనరాదు, పోరి సలికి వణకవట్టె.”

“దాన్ని ఎవ్వలూ ముట్టొద్దు వదినె” అన్నాను.

ఇప్పుడు అసలు సంగతి. హనుమకొండ పోయిన రోజు, మందుకు ముందు చేసే లివర్ పరీక్షకని నన్ను రక్తం తీయడానికి పక్క గదిలోకి పంపి, నా గోలీల సంగతి డాక్టర్ మా ఆయనతో మాట్లాడాడు. రోజూ వేసుకునేవి నాలుగు రకాలు. వారానికి ఒక్కసారే వేసుకునేది ఒకటి, మెథోట్రెక్సేట్. రోజూ వేసుకుంటే ప్రమాదమని గట్టిగా చెప్పి, ఏ రోజు పెట్టమంటారని అడిగాడట. “శనివారం పెట్టున్రి సార్. దేవుని వారం, యాదికుంటది” అన్నాడట మా ఆయన.

శనివారం నాకు ఒక్కపొద్దు. స్వప్న పుట్టిన ఏడాది నుంచి ఒక్కటీ తప్పలేదు. సాయంత్రం దీపం పెట్టాక ఒక్కపూట తింటాను. ఆ రోజు గోలీ కూడా నోట్లో వేసుకోను. ఆ కొత్తలో ఒక శనివారం తలనొప్పి గోలీ మింగబోతే, “గోలీలు మింగితే అది ఒక్కపొద్దెట్లయితదే?” అని వదినె నలుగురిలో అంది. అప్పుడు పెట్టుకున్న నియమం. ముప్పై ఏళ్లు నా పక్కన బతికిన మనిషికి నా ఒక్కపొద్దు గుర్తుకు రాలేదు, దేవుని వారం గుర్తుకు వచ్చింది.

మొదటి శనివారం నేను అడిగాను. “ఏందయ్యా, గీ గోలీ రేపు మింగుతా. ఇయ్యాల ఒక్కపొద్దు గదా?”

మా ఆయన అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. “శనివారమంటే శనివారమే. వేరే దినాలు మింగితే పరేషాన్ అయితదన్నడు సార్.” అంటూనే వెళ్లిపోయాడు.

శనివారం వేసుకోకూడదు, ఆదివారం వేసుకుంటే ప్రమాదం. ఆ గోలీని పక్కన పెట్టాను. వారానికి ఒక్కటే కదా, రోజూ వేసుకునేవి నాలుగున్నాయి కదా అనుకున్నాను. అదే అసలు మందని నాతో ఎవరూ అనలేదు.

మొదట్లో బాగానే అనిపించింది. అది రోజూ వేసుకునే గోలీల్లో ఉన్న స్టెరాయిడ్ వల్ల అని తర్వాత తెలిసింది. వాపు తగ్గింది. జనగామలో ఫిజియోథెరపీ అమ్మాయి ఎక్సర్‌సైజులు నేర్పింది. గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి మెల్లగా పిడికిలి పట్టడం, స్పాంజి పిండడం, గోడ మీద వేళ్లను పైకి నడిపించడం. “నొప్పి వస్తే ఆపాలె అక్కా, పంతానికి పోవద్దు” అనేది. పొద్దున మిద్దె మీద నడిచేదాన్ని. అక్కడ నా కుండీలున్నాయి. బకెట్ ఎత్తలేను కాబట్టి చిన్న చెంబుతో పుదీనాకు, గోంగూరకు, బంతి మొక్కలకు నీళ్లు పోసేదాన్ని. ఇంట్లో కిటికీ దగ్గర మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ ఉన్నాయి. అవి నన్ను ఎక్కువేం అడగలేదు.

చేతులు పట్టేసిన రోజుల్లో పక్కింటావిడ వచ్చి, “నీ చెట్లు ఎండుతున్నయ్ గదా, బాగయ్యేదాక మా ఇంట్ల పెట్టుకుంట” అని రెండు క్రోటన్లు తీసుకుపోయింది. నేను బాగయ్యాను. క్రోటన్లు ఇప్పటికీ వాళ్ల గేటు పక్కనే ఉన్నాయి. రోజూ చూస్తాను.

స్టెరాయిడ్ తగ్గిస్తూ పోయేకొద్దీ వాపు మళ్లీ వచ్చింది, ముందుకన్నా ఎక్కువగా. కుడిచేతి చిటికెనవేలు పక్కకు వాలడం మొదలైంది. పుస్తకం పట్టుకుని చదువుదామంటే బొటనవేలు నిలవదు. మా అత్తమ్మ రామాయణం చదువుకున్న వ్యాసపీఠం అటక మీద నుంచి దింపించి, దాని మీద లైబ్రరీ నవల పెట్టుకుని చదివాను. “దేవుని పుస్తకం పెట్టేదాని మీద కథల పుస్తకమా?” అంది వదినె. పేజీ తిప్పడానికి కూడా పెన్సిల్ వెనక రబ్బరు వాడే రోజులవి. నేను ఇంకో పేజీ తిప్పాను.

మళ్లీ హనుమకొండ. డాక్టర్ కొత్త రిపోర్టులు చూసి ముఖం ముడుచుకున్నాడు. “ఇన్ని నెలల మెథోట్రెక్సేట్ తర్వాత కూడా సీఆర్పీ ఇంత ఉండకూడదే. డోసు పెంచుదాం. లేకపోతే ఇంజెక్షన్లకు పోవాలి.” రాయబోతూ, మా ఆయనను అడిగాడు. “గోలీ వేసుకున్న రోజు వికారం, వాంతులు ఏమన్నా ఉంటున్నాయా?”

“ఏం లేదు సార్. మంచిగనే తింటది.”

“శనివారం నేనేం తినను సార్” అన్నాను. “ఒక్కపొద్దు. గోలీలు గూడ మింగను.”

డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. “ఒక్క శనివారం కూడా వేసుకోలేదా?”

“లేదు.”

“మరి నాకు చెప్పాలి కదమ్మా!”

“మీరు నన్ను అడుగలే సార్. గాయన్ను అడిగిన్రు.”

మా ఆయన గోడ మీది ఎముకల బొమ్మను శ్రద్ధగా చూస్తున్నాడు. డాక్టర్ కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. “మీరన్నది నిజమే. ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నా. ఏ రోజు పెట్టమంటారు?”

“బుధవారం.”

“ఒక్కపొద్దు మానమని నేను అనను. కానీ బుధవారం ఒక్కటి కూడా తప్పొద్దు. మిగతావి శనివారం కూడా రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. ఫోలిక్ యాసిడ్ గురువారం.” డోసు పెంచలేదు. వేసుకోని మందుకు డోసు పెంచబోయాడు ఆయన.

ఆ సాయంత్రం బస్సులో మా ఆయన, “నాకు తెల్వకపాయె విజయా” అన్నాడు. “అడిగితే తెలుస్తుండె” అన్నాను. అప్పటి నుంచి బుధవారం రాత్రి అన్నం కాగానే గోలీ, మంచినీళ్లు తానే తెచ్చి ఎదురుగా నిలబడతాడు. నేను మింగేదాకా కదలడు.

గురువారాలు అంత సుఖంగా ఉండవు. వికారం, నీరసం, దువ్వెన నిండా వెంట్రుకలు. అప్పుడప్పుడు లివర్ పరీక్ష చేయించాలి. కానీ రెండు మూడు నెలలకు పొద్దున లేవగానే పిడికిలి మూసుకుంది. ఒకరోజు ఒక్కచేత్తో గ్లాసు పట్టుకుని టీ తాగాను. ఇంట్లో ఎవరూ గమనించలేదు. నేను చెప్పలేదు.

బీరువాలోంచి స్వెట్టర్ తీసేసరికి మనవరాలు పెరిగిపోయింది. అయిపోయిన భాగాలతో సహా మొత్తం విప్పేశాను. లావు సూదులు, కొంచెం ఎక్కువ ఊలు తెచ్చి మళ్లీ ఎక్కించాను. కాసేపు అల్లి, లేచి కుండీల దాకా నడిచి వచ్చి, మళ్లీ కూర్చునేదాన్ని. కొత్త ఊలు పాత పసుపుకు సరిగ్గా కలవలేదు. వాలిన చిటికెనవేలు నిఠారు కాలేదు, అందుకని కుట్లు కొంచెం వదులు. భూపాలపల్లి తీసుకుపోయి నేనే తొడిగాను. పిల్ల రెండు చేతులూ పైకెత్తి చూపించింది. స్వెట్టర్‌కు రెండు చేతులూ ఉన్నాయి.

మొన్న వదినె వచ్చి, నా ముందు కూర్చుని చాలాసేపు చూసి, “నాకొక శాలువ అల్లరాదు విజయా, మోకాళ్లు గుంజుతున్నయ్” అంది. ఆమె చేతులు చూపించమన్నాను. కణుపులు నొక్కి చూశాను. పొద్దున ఎంతసేపు పట్టేస్తున్నాయని అడిగాను. టెస్టులు చేయిస్తానని, శాలువా తర్వాత అని చెప్పాను. చాయ్ గ్లాసు నాటి మాట కూడా గుర్తుచేశాను. “గదింక యాదుంచుకున్నవా?” అంది. ఉంచుకున్నాను.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. వారానికి ఒక్కసారి అని ఏ గోలీ రాసినా, ఏ రోజన్నది మీరే చెప్పండి. మీ ఒక్కపొద్దులు, మీ తిండి వేళలు డాక్టర్‌కు మీ నోటితోనే చెప్పండి. మీ పక్కవాళ్లను అడుగుతుంటే మధ్యలో మాట్లాడండి. రక్తం తీయడానికి పక్క గదిలోకి రమ్మంటే, మాట పూర్తయ్యాక వస్తానని చెప్పి ఆ కుర్చీలోనే కూర్చోండి. వదినెను తీసుకుని వచ్చే సోమవారం హనుమకొండ పోతున్నాం. ఆమె తమ్ముడు, అంటే మా ఆయన, ఈసారి బయట బెంచీ మీద కూర్చుంటాడు.