పోలమ్మ ఇంట్లో తడి ఎక్కడ?

2014లో నేను శ్రీకాకుళంలో ఒక ఛాతీ వైద్యుడి క్లినిక్‌లో నర్సుగా పనిచేసేదాన్ని. చిన్న క్లినిక్. సముద్రం ఒడ్డు పల్లెల నుంచి వచ్చేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో చాలామందికి ఉండేది సీఓపీడీ. ఏళ్ళ తరబడి పొగ పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు అది. మందులతో అదుపులో పెట్టగలమే కానీ పూర్తిగా నయం చెయ్యలేం.

పోలమ్మ ఆ జబ్బుతోనే మా దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి. ఒళ్ళు బాగున్నన్నాళ్ళూ ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మింది. చిన్న వయసు నుంచి అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. మా తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళకి అది కొత్తేమీ కాదు. దానికి తోడు కట్టెల పొయ్యి. జబ్బు తేలాక డాక్టరుగారు గట్టిగా చెప్పడంతో చుట్ట మానేసింది.

ఇంట్లో వాడుకోవడానికి నెబ్యులైజర్ రాసిచ్చారు. మందుని సన్నటి తుంపరగా మార్చే మిషను అది. కంప్రెసర్ అనే చిన్న పెట్టె గాలి కొడుతుంది. ఆ గాలి ట్యూబు గుండా వచ్చి కప్పులో ఉన్న మందుని మంచులా పైకి లేపుతుంది. మాస్కు పెట్టుకుని దాన్ని పీల్చాలి. పోలమ్మకి రోజూ అది పెట్టేది కోడలు నూకరత్నం.

మొదట్లో బాగానే ఉంది. తర్వాత కొన్ని వారాలకోసారి జ్వరం, పచ్చటి కఫం, మాట పూర్తి చెయ్యలేనంత ఆయాసం మొదలయ్యాయి. క్లినిక్‌లో ఉంచి మందులిస్తే తగ్గేది. ఇంటికి వెళ్తే మళ్ళీ వచ్చేది.

మిషను శుభ్రంగా ఉంచుతున్నారా అని నూకరత్నాన్ని అడిగాను.

"రోజూ సబ్బెట్టి తోమతన్నాను సిస్టరమ్మా. మా అన్నం గిన్నెలైనా అంత బాగా తోమను," అంది. అబద్ధం కాదు. ఆమె తెచ్చి చూపించిన కప్పు, మాస్కు తళతళలాడుతున్నాయి.

దాంతో అనుమానం చుట్ట మీదికి పోయింది. ఒకరోజు నూకరత్నం నన్ను పక్కకి పిలిచి, "మా అత్త మళ్ళీ సుట్ట కాలుస్తన్నాదేమో. గూళ్ళన్నీ ఎతికినాను, దొరకనేదు," అంది.

క్లినిక్ మంచం మీదున్న పోలమ్మ వినేసింది. "ఒసే, నాకు ఆయాసమే గానీ సెవుడు నేదే! మానీసినానంటే మానీసినాను. దొంగతనంగా కాల్సుకోడానికి నాకేటి బయం?" అని, ఊపిరి కూడదీసుకుని నా వైపు తిరిగింది. "ఈ మిషనొచ్చిన కాడ్నుంచే నాకీ జొరాలు. ఇంక దీన్ని ముట్టను. తీసుకెళ్ళిపోండి."

నాకు భయం వేసింది. ఆ మందు ఆగిపోతే ఆమె ఎన్నాళ్ళు నెట్టుకురాగలదు? అయినా ఆమె అన్న మాట మనసులో నిలబడిపోయింది. మిషను వచ్చాకే జ్వరాలు. కోపంలో అన్నదైనా, ఆలోచించి చూస్తే నిజమే.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన కఫాన్ని కల్చర్ పరీక్షకి పంపించారు. కఫంలో ఉన్న క్రిముల్ని ల్యాబులో పెంచి అవి ఏ రకమో తేల్చే పరీక్ష అది. రిపోర్టు చూసి ఆయన నన్ను పిలిచారు.

"ఇది తడిలో బతికే రకమమ్మా. గొట్టాలు, తొట్లు, ఎప్పుడూ ఆరని చోట్లలో ఉంటుంది. వాళ్ళింట్లో తడి ఎక్కడుందో ఒకసారి చూసి రాగలవా?"

ఆదివారం పొద్దున్న బస్సెక్కి, ఆటో మారి వాళ్ళ ఊరు వెళ్ళాను. దారి పొడుగునా ఆ ప్రశ్నే. తీరా వెళ్ళి చూస్తే ఆ ఇంట్లో తడి అన్నదే కనబడలేదు. ముందంతా ఇసుక, దాని మీద ఆరబోసిన నెత్తళ్ళనే చిన్న చేపలు, నెత్తి మాడ్చే ఎండ. గుమ్మం నీడలో పోలమ్మ కొడుకు అప్పన్న వల బాగు చేసుకుంటున్నాడు.

"నేనేమీ చెప్పను. రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి," అన్నాను నూకరత్నంతో.

పోలమ్మ "ఈ ఒక్కసారికే" అని గొణుక్కుంటూ మాస్కు పెట్టుకుంది. మందు అయిపోయాక నూకరత్నం అన్నీ విడదీసింది. సబ్బు నురగతో రుద్ది, బోరు నీళ్ళతో కడిగింది. ట్యూబులోకి కూడా నీళ్ళు పోసి ఇటు నుంచి అటు తీసింది. తప్పు పట్టుకుందామని చూస్తున్న నాకు ఆ తోమడంలో వంక పెట్టడానికేమీ దొరకలేదు. ఇంత దూరం వచ్చింది వృథాయేనా అనుకున్నాను.

అప్పుడు ఆమె ఆ సామాన్లని ఒక్కసారి విదిలించి, స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, గూట్లో పెట్టేసింది.

"అందులో ఎందుకమ్మా?"

"ఈగలు సిస్టరమ్మా. సేపలకాడ సూసినారు కదా. గాలొస్తే ఇసక ఎగురుతాది. అత్త మొకానికి ఎట్టుకునేది కదా అని మూతెట్టి దాస్తన్నాను."

"మళ్ళీ ఎప్పుడు తీస్తావు?"

"సాయంత్రం మందెట్టినప్పుడు."

టీ తాగి, ఆ డబ్బా దింపించి మూత తీశాను. మూత లోపలి వైపంతా చెమటలా నీటి బొట్లు. ట్యూబుని వెలుగుకి ఎత్తి చూస్తే లోపల నీళ్ళ పూసలు, వాటి పక్కన సన్నటి నల్లటి చుక్కలు. ఆ ఎండిన ఇంట్లో తడి ఉన్న చోటు అదొక్కటే.

క్రిములు, తేమ అని చెప్పేకంటే వేరే దారి ఉందనిపించింది. "పోలమ్మా, చేప సగం ఎండాక బుట్టలో వేసి మూత కట్టేస్తే ఏమవుతుంది?"

"ఏటవుద్ది, బూజు పట్టీస్తాది. కంపు కొడితే ఎవుడు కొంటాడు?" అంటూనే ఆగిపోయింది. డబ్బా వైపు చూసింది. "అయితే నాను ఆ బూజే పీలుస్తన్నానేటి?"

"అలాంటిదే. కంటికి కనబడని క్రిములు. మందు తుంపరతో పాటు లోపలికి పోతున్నట్టున్నాయి."

నూకరత్నం డబ్బాలోకి చూసి ఏడుపు అందుకుంది. "అయితే నానే అత్తకి రోగం ఎడతన్నానా?"

అప్పన్న చేతిలో పని ఆగిపోయింది. పోలమ్మ నోరు ఎలాంటిదో నాకు తెలుసు. ఇప్పుడేమంటుందోనని ఆమె వైపు తిరిగాను.

"ఏడవకే," అంది పోలమ్మ. "ఈగ వాలకండా సూసినావు. నాకెవులు సూత్తారలగ?" మళ్ళీ తనే అడిగింది. "సుట్ట కాల్సనేదని ఇప్పుడైనా నమ్ముతావా?"

"నమ్మినాను అత్తా," అంది నూకరత్నం, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

తర్వాత ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. వాడిన ప్రతిసారీ కప్పు, మాస్కు కడగాలి. చివరిగా జాడించేది కాచి చల్లార్చిన నీళ్ళతో. ట్యూబుని కడగకూడదు, లోపల తడి చేరితే మిషను ఉత్తినే నడిపి ఆ గాలితోనే ఆరబెట్టాలి. మరిగించవచ్చని కిట్టు మీద రాసి ఉన్న భాగాల్నే నీళ్ళలో మరిగించాలి. అన్నిటికంటే ముఖ్యం, పూర్తిగా ఆరేదాకా మూత పెట్టకూడదు.

"మరి ఈగలో?" అంది నూకరత్నం.

అప్పన్న లేచి లోపలికి వెళ్ళి కొత్త దోమతెర తెచ్చాడు. ఒక మూల కత్తిరించి, ఉతికి, వల అల్లే చేత్తో చకచకా సంచీ కుట్టేశాడు. పొయ్యికి దూరంగా, గాలి ఆడే కిటికీ దగ్గర వేలాడదీశాడు. అందులోకి గాలి పోతుంది, ఈగ పోదు.

డాక్టరుగారు పాత కప్పు, మాస్కు, ట్యూబు పారేయించి కొత్త కిట్టు ఇప్పించారు, ఆ క్రిమికి సరిపడే మందు రాశారు. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేమని ఆయనే అన్నారు. జబ్బు జబ్బుగానే ఉంది, పోలమ్మ మళ్ళీ బుట్ట ఎత్తలేదు. కానీ ఆ వానాకాలమంతా పచ్చ కఫంతో మా మంచమెక్కలేదు. చూపించుకోవడానికి మాత్రం వచ్చేది, కోడలి చెయ్యి పట్టుకుని. బెంచీ మీద కొత్తవాళ్ళు నెబ్యులైజర్ సంచీతో కనబడితే తనే పిలిచి, "కడిగితే సాలదు, ఆరబెట్టాల," అని పాఠం చెప్పేది.

మిషను కడుగుతున్నారా అని అడిగితే అందరూ అవుననే అంటారు, అది నిజమే అయ్యుంటుంది. అందుకే ఆ తర్వాత నుంచి నేను ఇంకో ప్రశ్న కూడా అడుగుతున్నాను. మొన్నామధ్య నేనిప్పుడు పనిచేసే చోటికి విజయనగరం నుంచి ఒక కిరాణా వర్తకుడు భార్యని తీసుకొచ్చాడు. ఆమెకీ ఇవే జ్వరాలు.

"కడిగాక ఎక్కడ పెడతారు?" అని అడిగాను.

"బీరువాలోనండి, కవర్లో చుట్టి, భద్రంగా," అన్నాడాయన గర్వంగా.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.